ముసలితనంలో నిత్యత్వం వైపు చూస్తూ బతకడం ఎలా: గోదావరి డెల్టా పెద్దలకు, వాళ్ల పిల్లలకు

"ఇంకెందుకండీ, ప్రభువు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవడమే." అమలాపురం నుంచి నర్సాపురం దాకా ఏ ఊళ్లో, ఏ విశ్వాసి ఇంటి అరుగు మీద కూర్చున్నా డెబ్బై దాటినవాళ్ల నోట ఈ మాట వినిపిస్తుంది. చాలాసార్లు అది నిజమైన భక్తే. కొన్నిసార్లు మాత్రం దాని వెనక ఉన్నది విసుగు. మోకాళ్ల నొప్పి, కువైట్‌లో ఉన్న కూతురు, పలకరించే తీరిక లేని కొడుకు, నిద్రపట్టని రాత్రి, ఇవన్నీ కలిసి ఆ మాటగా బయటికొస్తాయి.

నిత్యజీవం ఉందని నమ్మేవాళ్లకు ఈ భూమ్మీద మిగిలిన రోజుల విలువ పెరగాలి, తరగకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. అది ఎలాగో, రేపు పొద్దున్నే మొదలుపెట్టడానికి వీలుగా, వరసగా రాస్తున్నాను. అన్నీ ఒకేసారి చెయ్యక్కర్లేదు. కానీ మొదటి రెండు అడుగులూ దాటేసి ముందుకు పోవద్దు, తక్కినవన్నీ వాటి మీదే నిలబడతాయి.

మొదటి అడుగు: అది విసుగా, నిరీక్షణా తేల్చుకోండి

పౌలుకీ వెళ్లిపోవాలనే ఉంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో ఆ సంగతి దాచుకోకుండా చెప్పాడు, క్రీస్తు దగ్గరికి వెళ్లడమే తనకు మరీ మేలు అని. ఆ వెంటనే, మీ కోసం నేను ఇక్కడ ఉండడం అవసరం అన్నాడు. మీ నోట ఆ రెండో మాట కూడా వస్తోందా? ప్రభువును చూడాలన్న ఆశ, ఎదురుగా ఉన్న మనిషి మీద ప్రేమ, రెండూ కలిసి ఉంటే అది నిరీక్షణ. సందేహం లేదు.

అలా కాక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు, అన్నం సయించడం లేదు, ఇదివరకు ఇష్టంగా పాడుకున్న పాట కూడా వినబుద్ధి కావడం లేదు, తెల్లవారుజామున మెలకువొచ్చి ఊరికే ఏడుపొస్తోంది అంటే మాత్రం అది వేరే సంగతి. ఇలా రెండు వారాలు దాటితే డాక్టరుతో చెప్పాలి. పెద్ద వయసులో వచ్చే డిప్రెషన్ ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది. థైరాయిడ్ తేడా వచ్చినా, బి12 తగ్గినా కూడా మనిషి ఇలాగే నీరసపడిపోవచ్చు, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లడం వెంటనే కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి-మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా వస్తుంటే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. ఒక్కరే కూర్చుని ప్రార్థనతో నెట్టుకు రావాలనుకోవద్దు.

ఏలీయా ఇదే స్థితికి వచ్చాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడండి. బదరీ వృక్షం కింద కూలబడి, ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించాడు. మాట్లాడడం ఆ తర్వాత. మన సంఘాల్లో కుంగిపోయిన పెద్దావిడకి విశ్వాసం తగ్గిందని చెప్పేవాళ్లు ముందు ఈ అధ్యాయం చదవాలి.

రెండో అడుగు: మన నిరీక్షణ ఏమిటో సరిగ్గా తెలుసుకోండి

జీవితమంతా మందిరానికి వెళ్లినవాళ్లలో కూడా చాలామందికి పరలోకమంటే పొగమంచులాంటి ఊహే ఉంటుంది. ఆత్మ పైకి వెళ్లిపోతుంది, ఒళ్లు మట్టిలో కలిసిపోతుంది, అంతటితో అయిపోయింది అనుకుంటారు. లేఖనం చెప్పేది అంతకంటే చాలా ఎక్కువ. ఈ శరీరమే లేస్తుంది. విశ్వాస ప్రమాణంలో శరీర పునరుత్థానం అని మనం అంటున్నది అదే. ఇప్పుడు వంగిపోయిన ఈ నడుము, వణుకుతున్న ఈ చేతులు దేవుడికి అక్కర్లేని సరుకు కావు.

మొదటి కొరింథీ 15లో పౌలు దీనికి విత్తనాన్ని చూపిస్తాడు. వరి పండించేవాళ్లకు అది వివరించి చెప్పక్కర్లేదు. నారుమడిలో చల్లిన మొలకగింజ కోసం కొన్నాళ్ల తర్వాత బురదలో వేలు పెట్టి వెతికితే మెత్తబడిన పొట్టు తగులుతుంది. పైన పచ్చటి నారు ఊగుతుంటుంది. ఆ నారు వేరే ఎక్కడినుంచో రాలేదు. స్వర్ణ రకం వడ్లు చల్లిన మడిలో స్వర్ణే లేస్తుంది. లేచేది మీరే. మీ పేరు, మీ ప్రేమలు, మీరు ప్రభువుతో నడిచిన నడక, ఏదీ మట్టిపాలు కాదు. మారేది మహిమ.

ఇది మనసుకు పట్టాలంటే ఒక పద్ధతి చెబుతాను. నాలుగు భాగాలు ఎంచుకోండి: మొదటి కొరింథీ 15, రెండో కొరింథీ 4వ అధ్యాయం నుంచి 5వ అధ్యాయం 10వ వచనం దాకా, రోమా 8, ప్రకటన 21. వారానికి ఒకటి. వారమంతా అదే అధ్యాయం రోజూ చదవండి, కొత్తది ముట్టుకోవద్దు. నాలుగు వారాలయ్యాక మళ్లీ మొదటికి రండి. "మా బాహ్య పురుషుడు కృశించుచున్నను, ఆంతర్యపురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు" అన్న వాక్యం నోటికి వచ్చేసేదాకా వదలొద్దు. చూపు పూర్తిగా పోయినా, ఆస్పత్రి మంచం మీద ఉన్నా అప్పుడు తోడుండేది నోటికొచ్చిన వాక్యమే.

అక్షరాలు కనబడకపోతే, శుక్లాల ఆపరేషను వాయిదా వేస్తున్నారేమో చూసుకోండి. ఈ వయసులో ఎందుకులే అని ఏళ్ల తరబడి బైబిలు మూసిపెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆపరేషను కుదరనివాళ్లు ఫోన్లో ఆడియో బైబిలు పెట్టించుకోవచ్చు. అన్నిటికంటే మంచిది, సాయంత్రం మనవణ్ణి కూర్చోబెట్టి చదివించుకోవడం. మీకు కళ్లు దొరుకుతాయి, వాడికి వాక్యం దొరుకుతుంది.

మూడో అడుగు: మెలకువొచ్చే వేళను ప్రార్థనకు ఇవ్వండి

వయసు మీద పడ్డాక మూడింటికో నాలుగింటికో మెలకువొచ్చేస్తుంది. పాలవాడు రావడానికి చాలా టైముంది. ఆ చీకట్లో మనసు పాత సంగతులన్నీ తవ్వుతుంది. టెన్షన్ అంతా అప్పుడే. ఈ గంటను ముందే దేవుడికి రాసి ఇచ్చేయండి.

మా వైపు ఒక మామ్మగారు చేసేది చెబుతాను, నేను చూసిన వాటిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు. వెడల్పు గీతల నోటుబుక్కు ఒకటి. పేజీకి ఒక రోజు పేరు, సోమవారం నుంచి ఆదివారం దాకా. ఒక్కో పేజీలో పెద్ద అక్షరాలతో కొన్ని పేర్లే. సోమవారం గల్ఫ్‌లో ఉన్నవాళ్లు. మంగళవారం చదువుకునే పిల్లలు, పేరు పక్కన పరీక్ష తేదీ. బుధవారం జబ్బుపడ్డవాళ్లు. గురువారం పాస్టరు గారి కుటుంబం, సండే స్కూలు టీచర్లు. శుక్రవారం పేజీలో ఆవిడకు గిట్టనివాళ్ల పేర్లున్నాయి. జవాబు వచ్చిన పేరు కొట్టెయ్యదు, పక్కన తేదీ వేస్తుంది. పుస్తకం అట్టకు దారంతో పెన్ను కట్టి ఉంటుంది, చీకట్లో వెతుక్కోకుండా.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మీరు తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన చేస్తున్నప్పుడు అక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. పరాయి ఇంట్లో పని ముగించుకుని ఇప్పుడే నడుం వాల్చిన మీ కూతురి కోసం ఆ వేళ మేలుకుని ఉన్న మనిషి మీరొక్కరే కావచ్చు. తర్వాత వాట్సాప్‌లో ఆమెకు ఒక్క మాట చెప్పండి, "సోమవారం నీ రోజమ్మా, నీ పేరు చెప్పి ప్రార్థన చేశాను" అని. డబ్బు పంపిందా లేదా అన్న మాటతో ఫోను మొదలెట్టకండి.

లూకా సువార్త రెండో అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి ఎనభై నాలుగేళ్ల విధవరాలు. ఉపవాస ప్రార్థనలతో రేయింబవళ్లు దేవాలయంలో సేవ చేసింది. శిశువైన యేసును చూసిన వెంటనే ఆమె చేసిన పని, విమోచన కోసం ఎదురుచూస్తున్నవాళ్లందరికీ ఆయన గురించి చెప్పడం. ఇంట్లో ఏ పనీ చెయ్యలేకపోతున్నాను అని బాధపడేవాళ్లు ఆమెను తలచుకోవాలి.

నాలుగో అడుగు: ఒంటిని చూసుకోండి, ఒకరి చేత చేయించుకోవడం నేర్చుకోండి

షుగరు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. తిమోతి కడుపుజబ్బు గురించి పౌలు అతనికి విడిగా సలహా రాశాడు. లేవబోయే ఒంటిని మనమే పాడుచేసుకుంటే ఎలా? బీపీ మాత్ర మానొద్దు, రాత్రి బాత్రూముకి వెళ్లే దారిలో లైటు, పట్టుకోవడానికి కడ్డీ పెట్టించుకోండి. తుంటి ఎముక విరగడం ఈ వయసులో మనిషిని మంచానికి కట్టేస్తుంది. వానాకాలంలో పాకురు పట్టిన పెరటి రాళ్లను బ్లీచింగ్ వేసి తోమించండి.

ఇవి తేలిక. కష్టమైనది ఒకటుంది. స్నానం కోడలు చేయించాల్సి వస్తుంది. పంచె కొడుకు కట్టాల్సి వస్తుంది. పక్క తడిసిపోతుంది. పదిమందికి పెట్టిన చేయి అన్నం ముద్ద కోసం ఎదురుచూస్తుంది. గోదావరి మనిషికి మర్యాద ప్రాణం. ఇంటికొచ్చినవాడికి కడుపునిండా పెట్టకపోతే నిద్రపట్టనివాళ్లం, మనమే చేయించుకోవాల్సి వస్తే లోపల చచ్చిపోతాం.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో యేసు పేతురుకు ముందే చెప్పాడు, ముసలివాడివైనప్పుడు నీ చేతులు చాపుతావు, వేరొకడు నీ నడుము కడతాడు అని. పేతురు ఎలా చనిపోయి దేవుణ్ణి మహిమపరుస్తాడో ఆ మాటతో సూచించాడని యోహాను అక్కడే రాశాడు. చేతులు చాపి కట్టించుకునే స్థితిలో కూడా దేవుడికి మహిమ రావచ్చని ప్రభువే అన్నాడు. యెషయా 46లో "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే" అని ఉంది. ఆ ఎత్తుకునే చేతులు ఒక్కోసారి మీ కోడలి చేతులు.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. ఎవరైనా మీకు ఒళ్లు తుడిచినప్పుడు "ఎందుకమ్మా నీకీ బాధ, నేను పోతే బాగుండు" అనకండి. ఆ మాట సేవ చేసేవాళ్ల చేతుల్లో బలం తీసేస్తుంది. "దేవుడు నిన్ను దీవించాలి తల్లీ" అనండి, పేరు పెట్టి. రోజూ అనండి. నెలకోసారి ఆ చాకిరీ చేసేవాళ్లకు ఒక పూట సెలవు దొరికేలా, చుట్టాల్లో ఇంకొకరిని రమ్మని మీరే అడగండి.

ఐదో అడుగు: చేతిలో ఉన్నవి తెలివిగా వదలండి

రెండో సమూయేలు 19లో బర్జిల్లయి అనే ఎనభై ఏళ్ల పెద్దాయన ఉన్నాడు. దావీదు కష్టకాలంలో అన్నం పెట్టినవాడు. రాజు అతన్ని నాతో యెరూషలేముకు రా, నేను పోషిస్తాను అన్నాడు. బర్జిల్లయి వద్దన్నాడు. తిండి రుచి తెలియడం లేదు, పాటలు వినబడడం లేదు, నా ఊళ్లో నా తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోతాను, ఇదిగో కింహాము, ఇతన్ని తీసుకెళ్లు అన్నాడు. ఎంత హాయిగా వదిలాడో చూడండి. తనకు దక్కాల్సిన గౌరవాన్ని కుర్రవాడికి ఇప్పించాడు. సంఘంలో కోశాధికారి పదవి, పెద్దల కమిటీలో కుర్చీ, స్త్రీల సమాజం తాళాలు పట్టుకుని వేలాడుతున్నవాళ్లం ఈ అధ్యాయం ముందు కాసేపు ఆగాలి. లెక్కలు నేర్పండి, తాళాలు ఇవ్వండి, పక్కన కూర్చుని అడిగినప్పుడే చెప్పండి.

ఆస్తి సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలి. పరలోకం చూస్తున్నవాడికి పొలం కాగితాలెందుకు అనుకోవద్దు. మీరు రాయకుండా వెళ్లిపోతే, మీ సమాధి తడి ఆరకముందే పిల్లలు కోర్టుకెక్కుతారు. విల్లు రాయడం ప్రేమతో చేసే పని.

క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. విల్లు లేకుండా పోతే భార్యకు లేదా భర్తకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా వెళ్తాయి, కొడుకనీ కూతురనీ తేడా లేదు. విల్లుకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. విల్లులో వాటా వచ్చేవాళ్లుగానీ, వాళ్ల భర్తో భార్యో గానీ సాక్షులుగా ఉండకూడదు, ఉంటే వాళ్లకు రాసింది చెల్లకుండా పోతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కానీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేయిస్తే తర్వాత గొడవ తగ్గుతుంది. ఒకసారి లాయరుకు చూపించండి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. బతికుండగానే ఇల్లూ పొలమూ అంతా పిల్లల పేర రాసేసి చేతులు దులుపుకోవద్దు, ముఖ్యంగా మీ తర్వాత భార్య ఒంటరిగా మిగిలే అవకాశం ఉన్నప్పుడు. యేసు సిలువ మీద ఊపిరాడని బాధలోనూ తల్లిని ఎవరింట్లో ఉంచాలో చెప్పాడు. గిఫ్టు డీడు రాయాల్సి వస్తే, మమ్మల్ని పోషించాలి, వైద్యం చూడాలి అన్న షరతు అందులో రాయించండి. ఆ షరతు తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజు రద్దు చేయించుకునే వీలుంది. ఏం చెయ్యాలో తోచకపోతే పెద్దల హెల్ప్‌లైను 14567.

పుస్తెలగొలుసు ఎవరికి, కుట్టుమిషను ఎవరికి లాంటివి మాత్రం బతికుండగానే మీ చేత్తో ఇచ్చేయండి. ఇస్తూ మనవరాలి ముఖం చూసే సంతోషం విల్లులో దొరకదు. పెన్షను డబ్బులోంచి కానుక కూడా మానొద్దు, అది ఎంత చిన్నదైనా. రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు కూర్చుని మరీ గమనించాడు.

ఆరో అడుగు: మాటల్లేని ఇంటికి మీరే వెళ్లండి

పొలం గట్టు జానెడు జరిపాడని, పెళ్లిలో సరిగ్గా పిలవలేదని, అమ్మ నగలు ఒక్కరికే వెళ్లాయని అన్నదమ్ములు మాట్లాడుకోని ఊళ్లు మనవి. ఒకే మందిరంలో చెరో వైపు కూర్చుని, ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, గుమ్మంలో తల తిప్పుకుని వెళ్లిపోతారు. ఆ ఇద్దరూ ఒకే ప్రభువు ముందు నిత్యమూ నిలబడతారని నమ్మితే, ఇక్కడ ఆ తలతిప్పుడు ఎందుకు మిగలాలి?

వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లండి, పెద్దమనుషుల్ని తీసుకెళితే పంచాయితీ అయిపోతుంది. పొద్దున్న కాఫీ వేళ మంచిది. పాత సంగతి ఎవరు మొదలెట్టారో తేల్చడానికి కూర్చోవద్దు. మీ వైపు తప్పు ఎంతుంటే అంతే, ఒక్క మాటలో చెప్పండి: "తమ్ముడూ, ఆ రోజు నేనన్న మాట తప్పు. క్షమించు." కానీ, అయితే, నువ్వు కూడా, ఇలాంటి తోకలు తగిలించొద్దు. అతను ఏమీ అనకపోతే కాసేపు కూర్చుని లేచి రండి. రోమా 12లో పౌలు "శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు. మీ చేతనైనంతే మీ వంతు. మనిషి చనిపోయి ఉంటే, ఆయన పిల్లల దగ్గరికి వెళ్లి ఆ మాటే చెప్పండి. వాళ్లు అది ఏళ్లు గడిచినా గుర్తుపెట్టుకుంటారు.

మీమీద దౌర్జన్యం చేసినవాడు, కొట్టినవాడు అయితే ఇది వర్తించదు. మనసులో క్షమించండి, ఇంటికి మాత్రం వెళ్లక్కర్లేదు.

ఏడో అడుగు: చూసింది చెప్పండి

"తల నెరసి వృద్ధునైయుండు వరకు నన్ను విడువకుము" అని 71వ కీర్తనలో రాసిన భక్తుడు కారణం కూడా చెప్పాడు. రాబోయే తరానికి దేవుని బలం గురించి తెలియజెప్పాలి, అందుకు. అంటే ముసలితనం ఒక ఉద్యోగం. మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేని ఉద్యోగం.

1986 ఆగస్టు వరదలో మీరు ఎక్కడున్నారు? గట్టు మీద ఎన్నాళ్లు తలదాచుకున్నారు, ఎవరు అన్నం పెట్టారు? 1996 నవంబరు తుపానులో కొబ్బరి తోటలు ఒరిగిపోయిన ఆ రాత్రి ఇంట్లో ఎవరు ప్రార్థన చేశారు? మీ వంశంలో మొదట నమ్మినవాళ్లెవరు? 1836లో ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ తర్వాత నర్సాపురం, పాలకొల్లు వైపు స్థిరపడి సువార్త చెప్పారు. అక్కణ్ణుంచి మీ ముత్తాత దాకా ఆ కబురు ఏ దారిన వచ్చింది? ఇవి ఏ పుస్తకంలోనూ లేవు, మీ బుర్రలో ఉన్నాయి.

ఒక కథ ఒక రోజు, పది నిమిషాలు మించొద్దు. మనవరాలిని ఫోన్లో రికార్డు చెయ్యమనండి. చోటు, ఏడాది, మనుషుల పేర్లు, ఆ రోజు మీకు కలిగిన భయం, దేవుడు చేసింది, ఇవన్నీ చెప్పండి. మా రోజుల్లో మేము ఇలా ఉండేవాళ్లం, ఇప్పటి పిల్లలు ఇలా తగలడ్డారు అన్న ధోరణి మాత్రం వద్దు. పిల్లలు ఆ మాటకే లేచిపోతారు. దేవుడు జవాబివ్వని ప్రార్థన గురించి కూడా చెప్పండి. రేపు వాళ్లకు అలాంటి రోజు వచ్చినప్పుడు, తాతయ్యకూ ఇలా అయింది, అయినా ప్రభువును వదల్లేదు అని గుర్తొస్తుంది.

వయసైపోయింది, నాతో ఏమవుతుంది అనేవాళ్లకు రాజమండ్రి సంగతి ఒకటుంది. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ పని మొదలుపెట్టిన మిషనరీ ఫాదర్ హేయర్ తర్వాత అమెరికా వెళ్లిపోయారు. 1869లో రాజమండ్రి పని మనుషుల్లేక వేరే మిషన్ చేతికి వెళ్లిపోయే స్థితి వచ్చింది. అప్పుడాయన సభలో నిలబడి నేను వెళ్తానన్నారు. 1793లో పుట్టిన మనిషి, 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి గోదావరి ఒడ్డుకొచ్చారు. ఉన్నది కొద్దికాలమే. ఆ కొద్దికాలంలోనే పనిని నిలబెట్టి, తర్వాత వచ్చినవాళ్ల చేతిలో పెట్టి 1871లో తిరిగి వెళ్లారు. మీరు ఓడెక్కక్కర్లేదు. వీధి చివర సండే స్కూలుకు ఆటోలో వెళ్లి ఒక కథ చెప్పి రండి.

ఎనిమిదో అడుగు: పోయినవాళ్ల కోసం ఏడవండి, నిరీక్షణతో ఏడవండి

ఏడవొద్దు, ఆయన పరలోకంలో ఉన్నారు కదా అని ఆదరణ కూడికలో పదేపదే అంటారు. థెస్సలొనీకయులకు పౌలు ఏడవొద్దని రాయలేదు, నిరీక్షణ లేనివాళ్లలాగా దుఃఖపడొద్దన్నాడు. లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. యాభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి లేకపోతే ఆ మంచం వైపు చూడలేకపోవడం సహజం.

మనకు ఈస్టరు అనే గొప్ప అవకాశం ఉంది. ముందు రోజు సమాధుల తోటలో సున్నం బకెట్లు, కుంచెలు, గడ్డి కోసే కొడవళ్లు. ఒక కుర్రాడు నల్లరంగు డబ్బా పట్టుకుని రాతి మీద చెరిగిపోయిన అక్షరాలు దిద్దుతుంటాడు, నాలుక కొంచెం బయటపెట్టి, "నిద్రించిన తేది" దగ్గర చెయ్యి వణక్కుండా. తెల్లారకముందే బంతిపూలు, కొవ్వొత్తులు, పాటలు. ఆ రోజు మీరు కుర్చీ వేయించుకునైనా అక్కడ కూర్చోండి. పిల్లల్ని ఒక్కో సమాధి దగ్గరికి పంపి, ఈవిడ ఎవరో, ఎలా నవ్వేదో, ఏం పాడేదో చెప్పండి. క్రీస్తు లేచాడన్న వార్త చెప్పుకోవడానికి అంతకంటే తగిన చోటు లేదు. మీ కోసం చూసుకున్న జాగా కూడా వాళ్లకు చూపించండి, భయం లేని గొంతుతో. తాతయ్య భయపడకపోతే పిల్లలూ భయపడరు.

తొమ్మిదో అడుగు: ఆఖరి రోజుల సంగతి ఒక కాగితం మీద పెట్టండి

ఒకే ఒక్క పేజీ. భూస్థాపన రోజు పాడాల్సిన పాటలు, చదవాల్సిన వాక్యం. అప్పు చేసి పెద్ద పెట్టె, పెద్ద భోజనాలు వద్దని మీ చేతిరాతతో ఉంటే పిల్లలకు చుట్టాల ముందు మాటపడే భయం ఉండదు. ఎవరికైనా బాకీ ఉంటే అదీ రాయండి. బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడున్నాయో రాయండి.

వైద్యం గురించి కూడా. కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చినప్పుడు వెంటిలేటరు మీద రోజులు లాగాలా, ఇంటికి తెచ్చుకుని నొప్పి తెలియకుండా చూసుకోవాలా అన్నది మీరు మాట్లాడగలిగిన రోజుల్లోనే చెప్పాలి. సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి ముందస్తు పత్రాన్ని ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ. నొప్పి తగ్గించే మందు తీసుకోవడం ప్రభువు చిత్తానికి అడ్డుపడడం కాదు. పొలం అమ్మి ఐసీయూలో కట్టకపోతే అమ్మను చంపుకున్నట్టే అని కుమిలిపోయే కొడుకులను ఈ ఒక్క కాగితం విడిపిస్తుంది.

పౌలు ఆఖరి పత్రికలో, మంచి పోరాటం పోరాడితిని అన్న అధ్యాయంలోనే, త్రోయలో వదిలొచ్చిన అంగీ తెమ్మని, పుస్తకాలు తెమ్మని, చలికాలం రాకముందే రమ్మని తిమోతిని అడిగాడు. నీతికిరీటం కనబడుతున్న మనిషికే చలీ వేసింది, చదువుకోవాలనీ అనిపించింది, స్నేహితుడూ కావాలనిపించాడు. మీకు కావాల్సింది అడగడానికి మొహమాటపడకండి.

పిల్లలకు, సంఘానికి

ఇది చదువుతున్న కొడుకులూ కూతుళ్లూ, అమ్మకు ఫోను చేసినప్పుడు మాత్ర వేసుకున్నావా అన్న ప్రశ్నతో ఆగిపోకండి. ఈ వారం ఏ వాక్యం చదువుతున్నావమ్మా అని అడగండి. నీ నోటుబుక్కులో నా పేరు ఏ రోజు ఉంది అని అడగండి.

పాస్టరు గార్లకు ఒక మనవి. మందిరానికి రాలేనివాళ్ల జాబితా రాసుకుని, నెలకోసారి ప్రభువు బల్లను వాళ్ల ఇంటికి తీసుకెళ్లండి. మెట్లున్న చోట వాలు దారి కట్టించండి, కింద కూర్చోలేనివాళ్లకు చేతులున్న కుర్చీలు వేయించండి, మైకు శబ్దం చెవులకు తగ్గట్టు పెట్టించండి. ఆదివారం వాళ్లను తీసుకురావడానికి యవనస్థుల్లో ఇద్దరికి ఆటో బాధ్యత అప్పజెప్పండి. ఇంటికి వెళ్లినప్పుడు మీరు ప్రార్థన చేసి లేచి వచ్చేయకండి. మీ సేవలో ప్రస్తుతం బరువుగా ఉన్న ఒక సంగతి ఆ పెద్దాయనకు చెప్పి, దీని కోసం మీరు ప్రార్థన చెయ్యండి తాతయ్యా, వచ్చే నెల వచ్చినప్పుడు ఏమైందో చెబుతాను అనండి. చెప్పిన తేదీకి వెళ్లండి.